మిద్దె నడుమ ఉరవదు, అంచున ఉరుస్తాది: మన దేవరగట్టు పల్లెల్లో చౌడు మిద్దె నుంచి రేకు దాకా



ఈసారి పంట గురించి కాదు, ఆ పంట తెచ్చి పెట్టుకునే ఇంటి గురించి రాస్తున్నా. కొంచెం పొడుగు పోస్టు. పనులన్నీ అయినాక తీరిగ్గా చదవండి.

మన పడమటి కర్నూలులో వాన కోసం మొక్కని దేవుడు లేడు. ఆ వాన వచ్చిన రాత్రే ఇంట్లో గిన్నెలు, చెంబులు, బకెట్లు నేల మీద పరిచే ఇళ్లు కూడా మన పల్లెల్లోనే ఎక్కువ. చేనుకు వాన కావాలి, ఇంటికి వద్దు. రెండూ ఒకే మబ్బు నుంచి రావాలి. ఈ చిక్కును మన పెద్దోళ్లు ఎట్లా తీర్చుకున్నారు, మనం యాడ తప్పుతున్నాం అనేదే ఈ కథ.

ముందుగా ఒక మాట. ఉరిసే ఇంటిని ఎప్పుడైనా నిదానంగా గమనించండి. చెమ్మ మొదట కనిపించేది గది నడిమధ్యలో కాదు. గోడ, కప్పు కలిసే మూలలో కనిపిస్తుంది. లేదంటే పైపు దిగిన చోట, రేకు పోయి గోడకు ఆనిన చోట, మెట్ల గది స్లాబును తాకిన చోట. రెండు వేరు వేరు వస్తువులు కలిసే చోటే నీళ్లకు దారి దొరుకుతుంది. ఆ కలిసే చోట వేసే కాపును ఇప్పుడు రేకుల పనోళ్లు ‘ఫ్లాషింగ్’ అంటున్నారు. మాట కొత్తది. పని మాత్రం మన ప్రాంతంలో వందల ఏళ్లుగా ఉంది. ఒక్కో కాలంలో ఒక్కో సరుకుతో చేశారు, అంతే.

మనకు చదును మిద్దెలు ఎందుకొచ్చాయి?

కోస్తాకు పోతే తాటాకు ఇల్లు, పెంకుటిల్లు కనబడతాయి. కప్పు ఏటవాలుగా ఉంటుంది. మన హొళగుంద, ఆలూరు, ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు వైపు పాత ఇళ్లన్నీ చదును మిద్దెలే. కారణాలు సులువే. మనకు ఏడాదికి పడే వాన ఆరు వందల మిల్లీమీటర్లు, ఆ పైన కొంచెం. తాటి వనాలు లేవు, పెద్ద కలప తక్కువ. రాయి, మట్టి మాత్రం కావలసినంత. అదీగాక మిద్దె అంటే మనకు ఇంటి మీద ఇంకో కళ్లం. బుడ్డలు ఎండబెట్టేది అక్కడే, మిరపకాయలు ఆరబోసేది అక్కడే, ఎండాకాలం పండుకునేదీ అక్కడే. చొప్ప కట్టలు పెట్టుకునే ఇళ్లు కూడా ఉన్నాయి.

అయితే మన వాన తక్కువే గానీ మెత్తనిది కాదు. నెలంతా ముఖం చాటేసి, పడినప్పుడు రెండు గంటల్లో కుమ్మరిస్తుంది. ఉత్తర, హస్త కార్తెల్లో పడే వాన మీకు తెలిసిందే. ఏటవాలు కప్పయితే నీళ్లు గబగబా జారిపోతాయి. చదును మిద్దె మీద నిదానంగా కదులుతాయి, అంచుల దగ్గర గుమికూడతాయి. అందుకే చదును మిద్దెకు అంచే ప్రాణం.

విజయనగరం వాళ్ల గచ్చు

కర్ణాటక హద్దు దాటి సిరుగుప్ప మీదుగా పోతే హంపి. 1336 నుంచి 1565లో తళ్లికోట యుద్ధం దాకా అది విజయనగర రాజ్యానికి గుండెకాయ. ఆదోని కోట ఆ రాజ్యానికి గట్టి కావలి. ఆ కాలపు గుళ్ల కప్పులు చూడండి. స్తంభాల మీద రాతి దూలాలు, దూలాల మీద పెద్ద రాతి బండలు. బండ నుంచి నీరు దిగదు. బండకు బండకు మధ్య సందు నుంచి దిగుతుంది. అందుకే సందుల్లో సున్నం నింపి, బండల పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి మందంగా పరిచి, వాటం ఇచ్చి, రాతి గొట్టాల వైపు నీళ్లు మళ్లించేవారు.

ఇంకో సంగతి. ఆ గుళ్ల మండపాలకు అంచున కిందికి వంగిన రాతి చూరు ఉంటుంది. శిల్పులు దాన్ని కపోతం అంటారు. చూసేవాళ్లకు అది అందం. కట్టినవాళ్లకు అదొక పనిముట్టు కూడా. నీటికి ఒక చెడ్డ అలవాటు ఉంది. అంచు దాకా వచ్చి, జారి కింద పడకుండా, అంచు అడుగున అంటుకుని వెనక్కు పాకి గోడ మీదికి వస్తుంది. చూరు చివర కిందికి వంగి ఉంటే ఆ పాకుడు ఆగిపోతుంది. చుక్క గోడకు దూరంగా పడుతుంది. ఈ కాలం మేస్త్రీలు సన్‌షేడ్ అడుగు అంచున అర అంగుళం గాడి పెట్టేది కూడా ఈ పనికే. గాడి దగ్గరికి వచ్చిన నీరు దాన్ని దాటలేక కింద రాలిపోతుంది. ఆ గాడి పెట్టడం ఐదు నిమిషాల పని. పెట్టని ఇళ్లే ఎక్కువ.

విజయనగరం తర్వాత ఆదోని బీజాపూరు సుల్తానుల చేతికి పోయింది. 17వ శతాబ్దంలో వాళ్ల తరఫున ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ఊరికి గుర్తు. రాయి, సున్నంతోనే మనవాళ్లు శతాబ్దాల పాటు వానను బయట ఆపారనడానికి ఆదోనిలో సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు.

ఆ సున్నం యాడ నుంచి వచ్చేది? బేతంచెర్ల వైపు సున్నపురాయి ఉంది. మన నల్లరేగడి చేలల్లో మడక కింద తగిలే తెల్లటి సున్నపు గడ్డలు కూడా కాల్చేవారు. కాల్చిన సున్నాన్ని ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే రాతి గానుగలో నూరేవారు. గచ్చు గట్టిపడడానికి బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారు. మిద్దె మీద పరిచి, ఆడవాళ్లు వరసగా కూర్చుని కొయ్య బద్దలతో రోజుల తరబడి కొట్టేవారు. కొట్టేకొద్దీ లోపలి నీరు పైకి వచ్చి సందులు పూడిపోయేవి.

ఇందులో మనం పట్టుకోవలసింది ఒకటుంది. పనితనం తెలిసిన మేస్త్రీ ఆ గచ్చును పిట్టగోడ దగ్గర ఆపేవాడు కాదు. మూలను గుండ్రంగా తిప్పి, గోడ మీదికి జానెడు ఎక్కించి, గోడలో గాడి కొట్టి దాని చివరను అందులోకి దూర్చేవాడు. అంటే నీళ్లు గోడ వెంట దిగినా కప్పు పొర పైకే వస్తాయి గానీ, పొర వెనక్కు పోలేవు. ఇదే అసలు ఫ్లాషింగ్.

చౌడు మిద్దె: పొలంలో శత్రువు, ఇంటి మీద చుట్టం

సున్నం గచ్చు దొరలకు, గుళ్లకు, షావుకార్లకు. మన రైతుకు మట్టి మిద్దె.

రెండడుగుల మందం రాతి గోడలు. వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద బండలో, కట్టెలో, చాపలో, వాటి మీద మట్టి. అన్నిటికన్నా పైన చౌడు. ఎండాకాలంలో బండ్లు కట్టుకుని చౌడు నేలల నుంచి మట్టి తోలుకొచ్చి మిద్దెకు వేసేవాళ్లు. రోహిణి ఎండలు పోయి మృగశిర వచ్చేలోపల అయిపోవాల్సిన పని అది.

మరి చౌడే ఎందుకు? నల్లరేగడి కావలసినంత ఉంది గదా?

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. ఎండాకాలం మన చేలో చెయ్యి పట్టేంత నెర్రెలు చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మిద్దె మీద అట్లా నెర్రె వస్తే మొదటి వానకే నీళ్లు నేరుగా మంచం మీదికి వస్తాయి.

చౌడు గుణం వేరు. చౌడు నేలలో వాన పడితే ఏమవుతుంది? నీళ్లు ఇంకవు, పైనే నిలుస్తాయి. ఆ మట్టిలో సోడియం ఉప్పు ఎక్కువ. తడిసినప్పుడు అది బంక రేణువులను ఒకదాన్నుంచి ఒకటి విడదీస్తుంది. విడిపోయిన సన్నటి రేణువులు సందుల్లో చేరి దారులన్నీ మూసేస్తాయి. ఈ గుణాన్ని పోగొట్టడానికే మనం చౌడు చేలో జిప్సం వేస్తాం. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని నెట్టేసి నేలను గుల్ల చేస్తుంది. చూడండి, పొలంలో డబ్బులు పెట్టి వదిలించుకునే గుణాన్నే మన పెద్దోళ్లు ఏరి కోరి మిద్దె మీదికి తెచ్చుకున్నారు. ఏ చదువూ లేకుండా మట్టిని ఇంత బాగా చదివారు.

అయితే చౌడుకు ఒక బలహీనత ఉంది. మీద పడే వానకు అది ఆగుతుంది, పారే నీటికి ఆగదు. నీళ్లు ఒకచోట చేరి ధారగా కదిలితే, విడిపోయిన ఆ రేణువులు తేలిగ్గా కొట్టుకుపోతాయి. చౌడు గట్టుకు గండి ఎంత సులువుగా పడుతుందో మీకు తెలుసు. మిద్దె మీద నీళ్లు ధార కట్టేది అంచుల దగ్గర, గొట్టం దగ్గర. అందుకే ఆ రెండు చోట్ల మట్టిని నమ్ముకోలేదు, రాతిని పెట్టారు. గోడ తల మీద నాపబండలు పరిచి, అవి గోడ దాటి బయటికి జానెడు, మూరెడు పొడుచుకొచ్చేలా చేశారు. నీళ్లు పోయే చోట దోనెలాగా తొలిచిన రాయి పెట్టి, దాన్ని గోడకు దూరంగా వీధిలోకి చాచారు. గోడ మట్టితో కట్టిందే గదా. నీళ్లు గోడ వెంట కారితే ముందు పోయేది గోడే.

గవాచి సంగతి కూడా చెప్పాలి. వెలుగు కోసం, పొగ పోవడం కోసం మిద్దెకు పెట్టే కంత అది. కప్పుకు మనమే కొట్టుకున్న బొక్క. దాని చుట్టూ మట్టి కన్నా ఎత్తుగా కట్ట కట్టేవాళ్లు. నీళ్లు చుట్టూ తిరిగిపోవాలి గానీ కట్ట ఎక్కి లోపలికి రాకూడదు. వాన వస్తే పైన బండో కుండో బోర్లించేవాళ్లు. ఇప్పుడు స్లాబుకు పైపు దించేటప్పుడు చుట్టూ చిన్న దిమ్మె కట్టమని ఇంజనీర్లు చెప్పేది, ఆ గవాచి కట్ట లాంటిదే.

మట్టి మిద్దె బతికేది మనుషుల వల్ల

మట్టి మిద్దెకు కాలం తక్కువేం కాదు. తరాలు నిలిచినవి ఉన్నాయి. కానీ దానికి ఎప్పుడూ ఒక మనిషి కావాలి. మొదటి వాన పడి ఆగగానే పైకెక్కి తొక్కాలి. ఎలుక బొక్కలు పూడ్చాలి. గడ్డి మొలిస్తే వేరుతో పీకాలి, లేకపోతే వేరు ఎండినాక దాని దారినే నీరు దిగుతుంది. గొట్టం నోట్లో ఆకులు తీయాలి.

అందుకే మనుషులు ఊరు విడిచినప్పుడల్లా మన ఇళ్లు కూలాయి. 1876 నుంచి 1878 దాకా వచ్చిన ధాత కరువు బళ్లారి, కర్నూలు జిల్లాలను ఊడ్చేసింది. మన ఆదోని, ఆలూరు అప్పట్లో బళ్లారి జిల్లాలోనివి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు మనం ఈ పక్కకు వచ్చాం. చూసుకునే మనిషి లేని మట్టి మిద్దెకు రెండు మూడు వానాకాలాలు చాలు. అంచు కరుగుతుంది, గోడ తల తడుస్తుంది, దూలం చివర చివికిపోతుంది, ఒకనాడు కప్పు దిగబడుతుంది.

ఇప్పుడు కరువు పేరు మారింది, వలస అంటున్నాం. గుంటూరు వైపు మిరప కోతలకు, బెంగళూరుకు పోయి, ఉగాది దాటినాక తిరిగొస్తాం. వచ్చేసరికి చేతిలో డబ్బు అప్పులకు, ఒంట్లో సత్తువ సేద్యానికి సరిపోతాది. మిద్దెకు మట్టి తోలే తీరిక ఉండదు. బండ్లూ ఎద్దులూ కూడా తగ్గిపోయాయి.

బరువు లెక్క ఒక్కసారి వేయండి

ఇక్కడ ప్రాణాల మీదికి వచ్చే సంగతి ఒకటుంది. ఉరుస్తోందంటే మనం చేసే పని, పాత మట్టి తీయకుండా దాని మీదే ఇంకో పొర వేయడం. లెక్క చూడండి. పదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు గది. దాని మీద ఒక్క అంగుళం మట్టి వేస్తే సుమారు 380 కిలోలు. తడిస్తే 450 కిలోలు దాటుతుంది. ఆరంగుళాలు పేరుకుంటే, తడిసిన రోజు ఆ ఒక్క గది నెత్తిన రెండున్నర టన్నుల పైమాటే. కింద దూలం చూస్తే తాతల నాటిది. గోడలో దూరిన దాని చివర చెదలు తిన్నదో, చెమ్మకు మెత్తబడిందో బయటికి కనబడదు.

2024 ఆగస్టు మొదట్లో నంద్యాల జిల్లా చాగలమర్రి మండలం చిన్నవంగలిలో మట్టి మిద్దె కూలి, నిద్రలో ఉన్న ఒకే కుటుంబంలో నలుగురు చనిపోయారు. మన ఉమ్మడి జిల్లా ఊరే అది. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ పొంగి మంత్రాలయం, కర్నూలు మునిగినప్పుడు కూడా మట్టి ఇళ్లవాళ్లకే ఎక్కువ దెబ్బ తగిలింది.

కాబట్టి మట్టి మిద్దెలో ఉన్నవాళ్లు ఇది మరవొద్దు. కొత్త చౌడు వేసే ముందు పాత పొర చెక్కి తీసేయాలి. దూలం గోడలోకి దూరే చోట గునపంతో పొడిచి చూడాలి. మెత్తగా దిగితే ఆ గదిలో వానాకాలం పండుకోకండి. దూలం కింద అప్పటికప్పుడు గుంజ నిలబెట్టండి.

రేకు రాక

ఇప్పుడు ఇంకో దారి నుంచి వచ్చిన కథ. యూరపులో చర్చీల కప్పులకు వందల ఏళ్లుగా సీసం వాడేవారు. సీసం మెత్తన, సుత్తితో ఏ మూలకు కావాలంటే ఆ మూలకు వంగుతుంది, తుప్పు పట్టదు. గోడ, కప్పు కలిసే చోట సీసపు రేకును మడిచి, దాని పై అంచును గోడ గాడిలో దూర్చేవారు. మన గచ్చు మేస్త్రీ సున్నంతో చేసిందాన్నే వాళ్లు సీసంతో చేశారు. ఒకరినొకరు చూడకుండానే ఇద్దరూ అదే ఉపాయానికి వచ్చారు. నీటి గుణం అన్ని దేశాల్లో ఒకటే గదా!

1829లో హెన్రీ రాబిన్సన్ పామర్ అనే లండన్ ఇంజనీరు ముడతల ఇనుప రేకుకు పేటెంటు తీసుకున్నాడు. పల్చటి రేకును ముడతలు పెడితే బరువు మోస్తుంది. 1837లో ఫ్రాన్సులో సోరెల్ అనే ఆయన ఇనుముకు జింకు పూత పూసే పద్ధతికి పేటెంటు పొందాడు. దాంతో తుప్పు బాధ తగ్గింది. 1871లో మద్రాసు నుంచి వచ్చిన రైలు దారి ఆదోని మీదుగా రాయచూరులో బొంబాయి దారితో కలిసింది. పత్తి బయటికి పోయిన దారిలోనే దూరదేశపు సరుకులూ మన దాకా వచ్చాయి. 1901లో ఆస్ట్రియాలో హాచెక్ అనే ఆయన సిమెంటు, రాతినార కలిపి రేకు చేసే పద్ధతి కనిపెట్టాడు. 1946లో హైదరాబాదులో అట్లాంటి సిమెంటు రేకుల కంపెనీ పుట్టింది. చార్మినార్ రేకులు అంటే మీకు వెంటనే గుర్తొస్తాయి. అట్లా రేకు పల్లెకు చేరింది.

రేకు వచ్చింది గానీ, దానితో పాటు రావలసిన అంచు కాపు మాత్రం రాలేదు. రేకు చివర గోడకు ఆనే చోట మనోళ్లు ఏం చేస్తారు? సిమెంటు మెత్తుతారు. అది ఎందుకు నిలవదో చూడండి. పదడుగుల ఇనుప రేకు మధ్యాహ్నం ఎండకు కాలి, తెల్లారుజామున చల్లబడుతుంది. ఆ మధ్యలో నలభై డిగ్రీల తేడా వస్తే, రేకు పొడవు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు సాగి ముడుచుకుంటుంది. ప్రతి రోజూ ఇదే. మందపాటి గోడ అట్లా కదలదు. రోజూ కదిలేదాన్ని కదలని దానికి సిమెంటుతో అతికిస్తే, ఒక్క ఎండాకాలంలోనే వెంట్రుక వాసి బీట పడుతుంది. వెంట్రుకంత బీటే చాలు. దీపం వత్తి నూనెను లాగినట్టు అది నీటిని లోపలికి లాగుతుంది.

సరైన పద్ధతి వేరే. రేకును గోడకు అతికించకూడదు. ఒక రేకు ముక్కను మూలకు మడిచి, సగం గోడ మీదికి, సగం రేకు మీదికి వచ్చేలా పెట్టాలి. గోడ వైపు అంచును అంగుళం లోతు గాడిలో దూర్చి, గాడిని పూడ్చాలి. కింది సగం రేకు మీద ఊరికే కప్పినట్టు ఉండాలి. అప్పుడు కింద రేకు ఎంత సాగినా పైదానికి దెబ్బ లేదు. నీళ్లు గోడ మీద నుంచి కాపు మీదికి, కాపు మీద నుంచి రేకు మీదికి, రేకు మీద నుంచి బయటికి. ఎక్కడా వెనక్కు దారి లేదు.

గడ్డివామి వేయడం వచ్చినవాళ్లకు ఇది కొత్త విద్య కాదు. వామి తల మీద గడ్డి ఎట్లా పరుస్తాం? కింది నుంచి మొదలుపెట్టి, పై వరస కింది వరస మీద పడేలా. తిరగేసి పరిస్తే మొదటి వానకే వామి కుళ్లుతుంది. రేకు మీద రేకు వేసేటప్పుడు కూడా ఆరంగుళాలు తక్కువ కాకుండా, పైది కిందిదాని మీదికి రావాలి.

పాత సిమెంటు రేకులతో రెండు జాగ్రత్తలు. వాటి మీద నేరుగా కాలు పెట్టకండి, చెప్పకుండా విరుగుతాయి. వాటిని రంపంతో కోయకండి, పగలగొట్టకండి. ఆ రాతినార దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, ఏళ్ల తర్వాత క్యాన్సరు తెచ్చే రకం.

స్లాబు వచ్చాక

తర్వాత సిమెంటు, ఇనుప కమ్మీలు వచ్చాయి. బేతంచెర్ల వైపే సిమెంటు ఫ్యాక్టరీ పెట్టారు. 2006లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లతో, ఆ ముందూ తర్వాతా వచ్చిన పక్కా ఇళ్ల పథకాలతో స్లాబు మన ఊళ్లన్నిటికీ వచ్చింది. స్లాబు వేశాం, ఇక ఉరవదు అనుకున్నాం. పదేళ్లు తిరక్కుండానే పెచ్చులు ఊడుతున్న స్లాబులు మీ వీధిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

జరిగేది ఇది. స్లాబు ఒకరోజు పోస్తారు. పిట్టగోడ తర్వాతెప్పుడో ఇటుకతో కడతారు. రెండిటికీ అతుకు ఉండదు. స్లాబు ఎండకు సాగినప్పుడు ఆ గీత తెరుచుకుంటుంది. అక్కడ దిగిన నీరు లోపలి కమ్మీని చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, అసలు ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు కావాలంటుంది. ఆ ఒత్తిడికే కింద సిమెంటు పెచ్చులుగా రాలేది. అంటే మూలలో కనబడే చెమ్మ మరక గోడ రంగు బాధ కాదు, స్లాబు ఆయుష్షు బాధ.

సరుకు నష్టం కూడా లెక్కలోకే వస్తుంది. చెమ్మ తగిలిన పత్తికి ఆదోని మార్కెట్‌లో ధర తెగ్గోస్తారు. తడిసిన బుడ్డలకు బూజు పడితే అందులో విషం పుడుతుంది, అది మనుషులకూ పశువులకూ మంచిది కాదు. విత్తనానికి పెట్టుకున్నవి మొలక పోతాయి. యూరియా బస్తా గడ్డ కడుతుంది. ఏడాది కష్టం ఒక మూల చెమ్మకు పోతాది.

మనం పట్టుకోవలసిన నాలుగు పనులు

హంపి గచ్చు నుంచి ఇప్పటి రేకు దాకా, సరుకు మారింది గానీ ఉపాయాలు నాలుగే.

1. వాటం. నీరు నిలవకూడదు. స్లాబు మీద పదడుగులకు ఒక అంగుళం తక్కువ కాకుండా, రెండంగుళాలుంటే ఇంకా మంచిది, గొట్టం వైపు వాటం ఉండాలి. వానాకాలంలో గొట్టం నోరు వారానికోసారి చూడాలి.

2. మూల తిప్పడం. స్లాబు, పిట్టగోడ కలిసే చోట మట్టంగా వదలకుండా, మూడంగుళాల గుండ్రటి మలుపు ఇవ్వాలి. మేస్త్రీలు దీన్ని గోలా అంటారు. అంతకు ముందు ఆ గీత వెంట పాత గార చెక్కి, బ్రష్షుతో శుభ్రం చేసి, తడిపి పెట్టాలి. దుమ్ము మీద వేసిన గార ఊరికే ఊడొస్తాది.

3. పైకెక్కించి దూర్చడం. నీరు ఆపే పొర ఏదైనా సరే, గోడ మీదికి జానెడు ఎక్కాలి, దాని చివర గోడ గాడిలోకి పోవాలి. అడ్డంగా స్లాబు మీద ఎంత ఖరీదైన మందు పూసినా, గోడ దగ్గర ఆపేస్తే ఆ డబ్బు నీళ్లలో పోసినట్టే.

4. దూరంగా రాల్చడం. పిట్టగోడ తల లోపలికి వాలి ఉండాలి. సన్‌షేడ్ అడుగున గాడి ఉండాలి. గొట్టం గోడకు జానెడు దూరమైనా చాచి ఉండాలి.

కొత్తగా కట్టేవాళ్లు స్లాబు పోసే రోజునే చుట్టూ ఆరంగుళాల ఎత్తు కాంక్రీటు అంచు కూడా కలిపి పోయించుకోండి. పిట్టగోడ దాని మీద కట్టుకుంటే, ఆ అతుకు నీళ్లు నిలిచే మట్టం కన్నా పైన ఉంటుంది. గవాచి కట్ట లెక్కే ఇది. స్లాబు అయిపోయినాక ఎన్ని వేలు పెట్టినా ఈ పని మళ్లీ అంత గట్టిగా రాదు. మేస్త్రీకి ముందే చెప్పి, పోసేటప్పుడు పక్కనే నిలబడండి.

ఉన్న ఇంటికి ఒక పరీక్ష చేసుకోండి. రోహిణి కార్తె లోపల ఒక పొద్దున నాలుగు బిందెల నీళ్లు మిద్దె మీదికి మోసుకుపోయి, ఒక్కో మూలలో, పైపు చుట్టూ, మెట్ల గది గోడ మొదట్లో నిదానంగా పోయండి. ఒక్కో చోటికి మధ్య కొంచెం సేపు ఆగి, కింద ఇంకొకరిని చూడమనండి. ఏ మూల తడిసిందో గుర్తు పెట్టుకుని ఆ మూలే బాగు చేయించండి. మిద్దె మొత్తానికి డబ్బులు తగలేయనక్కర్లేదు. మళ్లీ దసరా నాటికి, దేవరగట్టు బన్నికి చుట్టాలొచ్చే ముందు, ఇంకోసారి ఎక్కి చూడండి. హస్త, చిత్త వానలు అప్పుడే గదా.

ఈ పోస్టు చదివినవాళ్లలో ఎవరి ఊళ్లోనైనా ఇంకా చౌడు మిద్దె కింద ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్లు, వలస పోయినవాళ్ల పిల్లలు ఉంటే, ఒక్కసారి పోయి దూలం చివర చూసి రండి. గునపం, ఒక గుంజ తీసుకుపోతే చాలు.